పండుగనాడు పల్లెకు బస్సు

ఏటేట సంక్రాంతికి ముందుగా ఉభయ తెలుగు రాష్ట్రముల రోడ్డు రవాణా సంస్థలవారును ప్రత్యేక బస్సులను గూర్చి ప్రకటనలు గావించుచుందురు. హైదరాబాదునుండి విజయవాడకు ఇన్ని, రాజమహేంద్రవరమునకు ఇన్ని, విశాఖపట్టణమునకు ఇన్ని యని వేల లెక్కను బస్సులు పేర్కొనబడును. పట్టణవాసులు ఆ ప్రకటనలను చదివి సంతసింతురు. పత్రికలు పెద్ద యక్షరములతో అచ్చు వేయును. మేమును సంతసించువారమే. పొట్టకూటికై దూరము పోయినవారు పండుగకు తల్లిదండ్రుల ముఖము చూచుటకు తోడ్పడు ఏర్పాటును కాదనువారెవరు? కాని ఆ వేల బస్సులు ఎచ్చటనుండి వచ్చుచున్నవను ప్రశ్నను అడుగువారు మాత్రము అరుదు. అవి పండుగకై పుట్టి పండుగ కాగానే మాయమగు బస్సులు కావు. నిన్నటివరకు ఏదో యొక డిపోలో, ఏదో యొక దారిలో, ఏవో కొన్ని యూళ్ల ప్రజలను మోయుచుండిన బస్సులే వానిలో అనేకములు. బస్సు ఆ దారిది కాకున్నను, దానిని నడుపు డ్రైవరు ఆ దారినుండి పిలువబడినవాడే. పెద్ద రోడ్డుమీద నొక ప్రత్యేకపు బస్సు పెరిగినదన్నచో, తరచుగా చిన్న రోడ్డుమీద నెచ్చటనో యొక బస్సు తగ్గినదని యర్థము.

ఈ రెండవ లెక్క ప్రకటనలకెక్కదు. పండుగ దినములలో రద్దయిన పల్లెవెలుగు ట్రిప్పులెన్ని? ఏయే గ్రామములకు ఎన్ని దినములు బస్సు పోలేదు? నడిపిన బస్సుల సంఖ్యను చాటుటలో గల యుత్సాహము, నడపని బస్సుల సంఖ్యను చెప్పుటలో గానరాదు. నేడు మేము ప్రస్తావింపదలచినది ఈ రెండవ లెక్కను గురించియే.

సెలవుదినమనగా నేమి? కచేరీలు మూయబడును, పాఠశాలలు మూయబడును, బ్యాంకులు మూయబడును. వీనితోపాటు ప్రయాణమును మూతపడునని తలచుట పెద్ద పొరపాటు. సెలవు ఒకనికి విశ్రాంతియైనచో మరియొకనికి ప్రయాణము. వ్యాధికి సెలవు లేదు. మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కై పట్టణమునకు పోవలసిన రోగి, నేడు భోగియని చెప్పి మానుకొనజాలడు. నెలలు నిండిన స్త్రీకి పంచాంగము చూచి నొప్పులు రావు. ఆసుపత్రులలోని నర్సులకును, రాత్రి కావలివారికిని, విద్యుత్తు ఉద్యోగులకును, అంగళ్ల గుమాస్తాలకును పండుగనాడును పని యుండనే యున్నది. పూలు, కూరగాయలు, పాలు అమ్ముకొనువారికి పండుగనాటి బేరమే పెద్ద బేరము. ఇక పుట్టింటికి వచ్చు ఆడపడుచుల మాటయు, తీర్థములకును జాతరలకును పోవు జనుల మాటయు చెప్పనక్కరలేదు. సొంత వాహనములేని వానికి ఏడాదిలో బస్సు అత్యవసరమగు దినములను లెక్కించినచో, అందులో పెక్కు దినములు ప్రభుత్వపు సెలవుల పట్టికలోనివే యగును.

కనుమనాడు కాకియైనను కదలదని మనలో నొక సామెత కలదు. బస్సు రాలేదేమని యడిగినవారికి ఈ సామెతయే సమాధానముగా చెప్పబడుచుండుట కలదు. కాని ఆ సామెత పుట్టిన కాలమును తలంపవలెను. ఆనాడు ప్రయాణమనగా ఎడ్లబండి. కనుమ పశువుల పండుగ; ఏడాదియంతయు చాకిరిచేసిన యెద్దును ఆనాడు కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజింతురేగాని కాడి కట్టరు. బండి కదలదు గనుక మనిషియు కదలడు. ఎద్దుకు విశ్రాంతి నొసగుటకై పెద్దలు చెప్పిన మాట ఇంజనుకు వర్తింపదు. డ్రైవరునకు వర్తించును, దానిని గూర్చి ముందు చెప్పుదుము. పైగా ఆ కనుమనాడే కోనసీమలో అంబాజీపేట మండలమందలి జగ్గన్నతోట కొబ్బరిచెట్ల నడుమ పదునొకండు గ్రామముల రుద్రుల ప్రభలు కూడును. వానిని చూచుటకు లెక్కలేనంత జనము కదలును. 2023 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ ప్రభల తీర్థమునే ప్రదర్శించెను. కోటిపల్లి–నరసాపురము రైలుమార్గము ఇంకను పూర్తికాని ఆ సీమలో సామాన్యునకు దిక్కు బస్సే గదా! కాకి కదలకున్న కదలకుండవచ్చును. మనుష్యులు మాత్రము కదలుచున్నారు.

బస్సు నడుపుట వ్యాపారమా, ధర్మమా యను వివాదము క్రొత్తది కాదు. నైజాము రాష్ట్రమున 1932లో రైల్వే శాఖకు అనుబంధముగా 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను ప్రభుత్వపు రవాణా ఆరంభమయ్యెను. 1950లో కేంద్రమున రోడ్డు రవాణా సంస్థల చట్టము వచ్చెను. దాని ననుసరించి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఆ చట్టములో రెండు మాటలు కలవు. సమర్థమును, చాలినంతయు, మితవ్యయమును, చక్కగా సమన్వయింపబడినదియు నగు రవాణాను ప్రజలకు సమకూర్చుట సంస్థయొక్క కర్తవ్యమని 18వ సెక్షను చెప్పును. వ్యాపార సూత్రముల ననుసరించి సంస్థ నడువవలెనని 22వ సెక్షను చెప్పును. ఒక చేత కర్తవ్యము, మరియొక చేత తక్కెడ. మామూలు దినములలో ఈ రెండును ఏదో విధముగా పొసగుచుండును. పండుగనాడే తక్కెడ బరువెక్కి కర్తవ్యము పైకి తేలిపోవుచున్నది.

ప్రజలు ఈ సంస్థకు ఊరక దారులను అప్పగింపలేదు. ప్రైవేటు యజమానులు నడుపుచుండిన దారులను సంస్థ స్వాధీనము చేసికొనబూనినప్పుడు పెద్ద వ్యాజ్యములు నడచెను. కృష్ణాజిల్లా దారుల విషయమున గుల్లపల్లి నాగేశ్వరరావుగారు ప్రభృతులు తెచ్చిన దావాలో, అభ్యంతరములను విచారించిన పద్ధతి న్యాయసమ్మతము కాదని 1958లో సుప్రీంకోర్టువారు ఆ పథకమును త్రోసిపుచ్చిరి. అట్టి యడ్డంకులను దాటి జాతీయీకరణము ముందునకు సాగుటకు బలమైన కారణమొక్కటే: లాభమున్న దారినే పట్టుకొని లాభములేని పల్లెను విడనాడు ప్రైవేటు వ్యాపారికంటె, లాభపు దారి సొమ్ముతో నష్టపు దారిని పోషింపగల ప్రజాసంస్థ మేలనుట. ఈ వాదమును మేమును అంగీకరింతుము. కాని పండుగ రాగానే నష్టపు దారి బస్సును లాభపు దారికి మరలించుచున్నచో, ఆ వాదము ఎచ్చట నిలుచును? పోటీదారుని తొలగించి దారిని పుచ్చుకొన్నవాడు, ఆ దారిని ఒక్క దినమైనను ఒంటరిగా విడువరాదు.

సంస్థ వారి పక్షమునను చెప్పదగినది కలదు. పండుగ ముందు దినములలో జనమంతయు ఒకే దిక్కునకు పోవును. నిండుగా పోయిన బస్సు ఖాళీగా తిరిగి రావలసియుండును. ఈ నష్టమును పూడ్చుకొనుటకై ప్రత్యేక బస్సులలో సామాన్యపు ఛార్జీకి ఒకటిన్నర రెట్లవరకు వసూలు చేయుటకు 2003లో వెలువడిన 16వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు అనుమతించెను. తెలంగాణ సంస్థవారు అదనపు ఛార్జీలకు దీనినే ఆధారముగా చూపుచుందురు. ఆంధ్రప్రదేశ్ సంస్థవారు 2022 దసరాకు ప్రత్యేక బస్సులను అదనపు ఛార్జీ లేకయే నడిపిరి. ఏ పద్ధతి మేలను చర్చ నటుంచుదము. పల్లెలవైపు చూచినచో, అచ్చటి ట్రిప్పులలో అనేకములు బడిపిల్లల వేళలను బట్టి యేర్పరుపబడినవే. బడికి సెలవైన దినమున బస్సు సగము ఖాళీ. ఒక ప్రక్క ఖాళీ బస్సు, మరియొక ప్రక్క టోలుగేటులయొద్ద బారులు తీరిన జనము. డిపో మేనేజరు ఏమి చేయగలడు? తన చేతనున్న బస్సును రాబడి యున్నవైపునకు పంపును. అతనిని మేము నిందింపము. అతని చేతికి రాబడి లెక్కను మాత్రమే యిచ్చి, కర్తవ్యపు లెక్కను ఈయని పై యధికారులనే నిందింపవలసియున్నది.

పెద్దదారి బస్సుకు పల్లె బస్సు కాలివంటిదని గ్రహింపకుండుటయే ఈ విధానములోని మూలదోషము. ఒక కుటుంబము హైదరాబాదులో ప్రత్యేకపు బస్సెక్కి, పంతంగి టోలుగేటువద్ద గంటలు గడిపి, తెల్లవారుజామున జిల్లా పట్టణపు బస్సు స్టేషనులో దిగినదనుకొనుడు. వారి యూరు అక్కడికి పదునైదు కిలోమీటర్లు. రోజూ వచ్చు ఆరుగంటల బస్సు నేడు రాదు. ఎందుకు రాదో చెప్పువారు లేరు. రెండవ బస్సైనను వచ్చునో రాదో తెలియదు. బయట ఆటోవారు కూడి యుందురు. రెండు మూడు రెట్లు అడిగినను బేరమాడుటకు తావులేదు. నాలుగువందల కిలోమీటర్లకు సర్కారు ఏర్పాటు చేసి, కడపటి పదునైదు కిలోమీటర్లకు చేతులెత్తివేసినచో, ఆ ప్రయాణము నెరవేరినదనుట యెట్లు? ఇల్లు చేరినప్పుడే ప్రయాణము ముగియునుగాని బస్సు స్టేషను చేరినప్పుడు కాదు.

ఈ కడపటి దారిలో ఎక్కువగా నలుగువారు స్త్రీలు. తెలంగాణమున 2023 డిసెంబరు 9నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండియు, స్త్రీలకు సామాన్యపు బస్సులలో ఉచిత ప్రయాణపు ఏర్పాటు అమలులోనికి వచ్చెను. రెండవది జాతీయ సెలవుదినముననే ఆరంభమగుట గమనింపదగినది. ఈ పథకముల మంచిచెడ్డలను గూర్చి భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని ఒక్క సంగతి నిర్వివాదము. ఉచితమనునది పల్లెవెలుగు మొదలగు నిర్ణీతపు బస్సులలోనే గాని ఆటోలో లేదు. బస్సు రాని దినమున ఉచితమును రాదు. చేతిలో హక్కుచీటి యుండి దారిలో బస్సు లేకున్నచో, ఆ హక్కు ఎండమావి నీటివంటిది. ఆటో కిరాయి ఈయలేని స్త్రీ పండుగపూట పుట్టింటికి పోక నిలిచిపోవును. లేదా సరకు ఆటోలలో ప్రాణములకు తెగించి కూర్చుండును.

బస్సు నిలిచినచో పండుగ యేమగునో తెలుగుదేశము 2019లో చవిచూచినది. ఆ సంవత్సరము అక్టోబరు 5న, బతుకమ్మ దినములు ముగియుచు దసరా సమీపించుచుండగా, తెలంగాణలో ఆర్టీసీ కార్మికుల సమ్మె ఆరంభమై 52 దినములు నడచెను. తాత్కాలికపు డ్రైవర్లతోను అద్దె బస్సులతోను ప్రభుత్వము నెట్టుకొని వచ్చెను. కాని 13వ తేదీతో ముగియవలసిన దసరా సెలవులను 19వ తేదీవరకు పొడిగింపక తప్పలేదు. ఈ యొక్క సంగతినుండి మనము పాఠము నేర్వవలెను. సెలవును బట్టి బస్సు నడుచునని మనము తలచుచుంటిమి. ఆనాడు బస్సును బట్టి సెలవు నడచెను. బడికిని, సంతకును, ఆసుపత్రికిని, పండుగకును ఆధారమైనది ఈ యెఱ్ఱని, ఆకుపచ్చని బస్సేయని అందరకును తెలిసివచ్చెను. అట్టి యాధారము 52 దినములు తొలగినప్పుడు దేశమంతయు గగ్గోలు పెట్టెను. పండుగకు రెండు దినములు ఒక యూరికి తొలగినప్పుడు మాత్రము ఎవ్వరికిని వినబడుట లేదు.

జాతరల విషయమును ఇట్టిదే. 2024 ఫిబ్రవరిలో జరిగిన మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు 6,000 ప్రత్యేక బస్సులను నడుపనున్నట్లు తెలంగాణ సంస్థ ప్రకటించెను. ఆ కాలమున సంస్థ చేతనున్న మొత్తము బస్సులు సుమారు తొమ్మిదివేలు. కొన్ని బస్సులు వంతులవారీగా నడచినను, మూడింట రెండువంతుల సంఖ్య ఒక్క దిక్కునకు పోయినప్పుడు మిగిలిన రాష్ట్రమున ఏమి మిగులునో లెక్కలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మేడారమునకు బస్సులు పంపవలదని మా యర్థము కాదు. అడవినడుమ జరుగు ఆ మహాజాతరకు భక్తులను క్షేమముగా చేర్చుట సంస్థకు కీర్తి తెచ్చిన పనియే. కాని జాతర రెండేండ్లకొకమారు వచ్చునని రెండేండ్లు ముందే తెలియును. సంక్రాంతి జనవరి నడుమ వచ్చునని నూరేండ్లు ముందే తెలియును. ముందు తెలిసిన దానిని ఆకస్మికపు టాపదవలె ఎదుర్కొనుట పరిపాలనమనిపించుకొనదు.

దీనికితోడు రాజకీయసభల బెడద యొకటి. ఏ పక్షము పదవిలో నున్నను, పెద్ద సభ జరిగిన దినమున వందలకొలది ఆర్టీసీ బస్సులు జనమును తరలించుటకు అద్దెకు పోవుట ఆచారమైపోయినది. అద్దె చెల్లింపబడుచున్నదిగదా యని సంస్థవారు చెప్పవచ్చును. అద్దె సంస్థకు ముట్టును; రోడ్డు ప్రక్కన మఱ్ఱిచెట్టు నీడను ఎండలో నిలిచియున్న ముసలివానికి ఏమి ముట్టును? ప్రజలకొరకు సభ చేయువారు ప్రజల బస్సును తీసికొనిపోవుటకంటె వింత కలదా?

ఇక కార్మికుల మాట. పండుగ డ్రైవరునకును పండుగయే. కండక్టరు ఇంటిలోను పిల్లలు గాలిపటములు ఎగురవేయుచునే యుందురు. అందరిని ఇళ్లకు చేర్చువాడు తన యిల్లు చేరలేకపోవుట మనము సులభముగా మరచు త్యాగము. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మాత్రమే పనియనియు, విశ్రాంతిదినమున పని చేయించినచో రెట్టింపు వేతనము ఈయవలెననియు 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము నిర్ణయించెను. తరువాత చట్టముల పేర్లు మారినను ఆ న్యాయము మాఱునది కాదు. నిద్రలేని డ్రైవరు చేత పండుగబస్సు నడిపించుట ఆతనికి అన్యాయము మాత్రమే కాదు, ఏబదిమంది ప్రాణములతో చెలగాటము. ఆంధ్రప్రదేశమున 2020 జనవరి 1నుండి సంస్థ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. అందువలన అచ్చట ఈ బాధ్యత నేరుగా ప్రభుత్వము మీదనే పడినది. కార్మికులలో హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు అందరును కలరు. సంక్రాంతినాడు అన్యమతస్థులును, క్రిస్మసు రంజానుల దినములలో హిందువులును, తమ యిష్టముతో డ్యూటీలు మార్చుకొను ఏర్పాటును ప్రతి డిపోలోను పట్టికగా వ్రాసి పెట్టవచ్చును. బలవంతముకంటె ఇట్టి పరస్పర సౌహార్దము మేలు చేయును. పండుగ డ్యూటీ వంతు ఏటేట ఒకే మనిషిపై పడకుండ చూచుట యధికారుల ధర్మము.

ఇతరచోట్ల ఏమి జరుగుచున్నది? లండను నగరమున డిసెంబరు 25న నగరపు బస్సులును భూగర్భ రైళ్లును పూర్తిగా నిలిచిపోవును. అది మనకు ఆదర్శమని మేము చెప్పము. కాని అచ్చటివారికి ఆ సంగతి ముందుగా స్పష్టముగా తెలియును. తెలిసి తగిన యేర్పాటు చేసికొందురు. అంతదూర మేల? చెన్నై, ముంబయి శివారు రైళ్లు కొన్ని సెలవుదినములలో ఆదివారపు కాలపట్టిక ననుసరించి నడుచునని రైల్వేవారు ముందుగా ప్రకటింతురు. రైళ్లు తగ్గును, కాని ఏ రైలు ఉన్నదో, ఏది లేదో ప్రయాణికునకు తెలియును. మన పల్లె ప్రయాణికుడు కోరునది గొప్ప వైభవమేమియు కాదు. అయిదు బస్సులు వచ్చు ఊరికి పండుగనాడు రెండే వచ్చినను ఓర్చుకొనును. ఆ రెండును ఎప్పుడు వచ్చునో ముందు చెప్పి, చెప్పిన వేళకు వచ్చిన చాలును. బస్సు తగ్గుటకంటె, వచ్చునో రాదో తెలియకుండుట ఎక్కువ బాధ.

కావున మేము ఉభయ ప్రభుత్వములకును, ఉభయ సంస్థలకును కొన్ని సూచనలను చేయుచున్నాము. మొదటిది, ప్రతి డిపోకును పండుగ కాలపట్టిక యొకటి యుండవలెను. సెలవునకు పక్షము దినములు ముందుగా దానిని బస్సు స్టేషనులోను, ప్రతి పంచాయతీ కచేరీలోను అంటింపవలెను. ఉదయము ఆసుపత్రి వేళకొకటి, మధ్యాహ్న మొకటి, సాయంకాలము తిరిగి వచ్చుట కొకటి, ఈ మూడు ట్రిప్పులు బస్సు సౌకర్యముగల ఏ గ్రామమునకును ఏ సెలవునాడును తప్పరాదు. రోజునకు ఒకే బస్సుగల గ్రామముయొక్క ఆ యొక్క బస్సును మరియొక పనికి ముట్టరాదు.

రెండవది, ప్రత్యేక బస్సులను పల్లెల పొట్ట కొట్టి తీయనవసరము లేదు. తీర్థములకును ఉత్సవములకును జనమును చేర్చుటకై వాహనములకు తాత్కాలికపు పర్మిట్లీయ వచ్చునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 87వ సెక్షను చెప్పుచున్నది. సెలవులలో వేలకొలది పాఠశాలల బస్సులు ఆవరణలలో ఊరక పడియుండును. తగిన తనిఖీ జరిపి, యోగ్యతగల డ్రైవర్లు నడుపునట్లు చూచి, ఛార్జీని ముందే నిర్ణయించి, సంస్థ పర్యవేక్షణమున వానిలో కొన్నిటిని వాడుకొనవచ్చును. అదే చట్టము 72వ సెక్షనులో, నిర్దిష్ట దినములలోను సందర్భములలోను కనీసపు ట్రిప్పులెన్ని యుండవలెనో పర్మిట్టులోనే షరతుగా విధింపవచ్చునను భావము కలదు. ప్రైవేటువానికి విధింపదగిన షరతును ప్రజాసంస్థ తనకు తానే విధించుకొనుటకు సంకోచ మెందుకు?

మూడవది, దూరపు బస్సులు వచ్చు వేళలకు పల్లె బస్సులను జత చేయవలెను. తెల్లవారుజామున దిగిన జనమును చూచి, వారి యూళ్ల వైపునకు అప్పటికప్పుడు బస్సు పంపగల యధికారము స్టేషనులోని కంట్రోలరునకు ఉండవలెను. నాలుగవది, పండుగనాటి పల్లె ట్రిప్పుల నష్టమును ప్రభుత్వము వేరు పద్దుగా వ్రాసి సంస్థకు చెల్లింపవలెను. ప్రత్యేక బస్సులలో అదనముగా వసూలైన సొమ్ములో కొంత భాగమును ఆ పద్దునకు చేర్చుట న్యాయము. అయిదవది, పండుగ ముగిసిన పది దినములలో ఏ డిపోలో ఎన్ని పల్లె ట్రిప్పులు రద్దయినవో ప్రకటింపవలెను. నడిపినవానిని చెప్పుకొను ధైర్యము గలవారు నడపనివానిని చెప్పుటకు వెరవరాదు. ఆరవది, సెలవుదినములలో రాజకీయసభలకు బస్సుల నద్దె కిచ్చుట మానవలెను.

పాఠకమహాశయులకును ఒక మాట. మా పాఠకులలో అనేకులకు కారులున్నవి, లేనివారికి మోటారుసైకిళ్లున్నవి. బస్సు రాకున్నను వారి పండుగకు లోటు రాదు. కాని వారి పొలములలో కుప్పలు నూర్చిన కూలివారికి, వారి దొడ్లలో పాలు పిదికిన పాలేళ్లకు, వారి యింట పిండివంటలు చేయుటకు వచ్చిన స్త్రీలకు ఆ బస్సే వాహనము. గ్రామపెద్దలు ఈ విషయమును తమది కాదని త్రోసివేయుట తగదు. జనవరి 26న, ఆగస్టు 15న, అక్టోబరు 2న గ్రామసభలు జరుపు ఆచారము కలదు. సెలవునాటి సభలోనే సెలవునాటి బస్సును గూర్చి తీర్మానము చేసి డిపోకు పంపుడు. తీర్థములను జరుపు ఆలయ సంఘములవారు తేదీలను, వచ్చు జనుల అంచనాను నెల ముందుగా డిపోకు తెలుపుడు. పట్టణములలో అంగళ్లు, ఆసుపత్రులు నడుపువారు పండుగనాడు పనికి వచ్చు పల్లెవారెందరో లెక్క యిండు. అడుగని యూరికి ఏ బస్సును రాదు; గట్టిగా, పదుగురు కలిసి అడిగిన యూరిని కాదనుట డిపో మేనేజరునకును కష్టమే.

2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. ఘాట్లకు జనమును చేర్చుటకై అప్పటికి మరల వేల బస్సులు లెక్కింపబడును. పుష్కరములకు పోవువాడు పుణ్యము గట్టుకొనుగాక. కాని ఆ పుణ్యము పోలేనివాని బస్సును లాగుకొని సంపాదించినది కారాదు. పెద్ద పరీక్షకు ముందు చిన్న పరీక్షలు గలవు. నడుమ వచ్చు ప్రతి సంక్రాంతియు, ప్రతి దసరాయు, ప్రతి రంజానును, ప్రతి క్రిస్మసును అట్టి పరీక్షయే. ప్రభుత్వములు ఇప్పటినుండియే పండుగ కాలపట్టికను ఒకటి రెండు జిల్లాలలోనైనను ఆచరణలో పెట్టి చూచుట వివేకము. రాజ్యము తనను జ్ఞప్తియందుంచుకొన్నదో లేదో పల్లెవాడు తెలిసికొనునది ప్రకటనలవలన కాదు, పండుగనాటి తెల్లవారుజామున ఊరి మొగలో వినబడు బస్సు కూతవలన. ఆ కూత వినబడునట్లు చేయుట ప్రభుత్వముల విధి. వినబడువరకు అడుగుట మన విధి.